ఆడగుర్రం ఒప్పుకోని రోజు

నా చిన్నప్పుడు, అంటే అరవై ఎనిమిదో తొమ్మిదో అయ్యుండాలి, మా తాతయ్య ఆమదాలవలస స్టేషన్ నుంచి శ్రీకాకుళానికి జట్కా తోలేవాడు. రైలు దిగినవాళ్లను ఊళ్లోకి చేర్చడమే మా ఇంటి బతుకు. ఆ జట్కా లాగేది గోధుమరంగు ఆడగుర్రం. దానికి వయసు మీద పడుతోంది. దాని కడుపున ఒక పిల్ల పుట్టి అందిరాకపోతే, మరో గుర్రాన్ని కొనే స్తోమత తాతయ్యకు లేదు.

శృంగవరపుకోట వైపు ఆసామి ఒకాయన ఏటా ఎండలు ముదరకముందే ఆడగుర్రాలతో జత కట్టించడానికి తన మగగుర్రాన్ని నడిపించుకుంటూ ఊరూరా తిరిగేవాడు. మా దగ్గర నాలుగు రోజులుండి ముందుకు సాగిపోయేవాడు. ఆ నాలుగు రోజుల్లో మా గుర్రం ఒప్పుకుంటే సరే, లేకపోతే మళ్లీ ఏడాదే. అప్పటికే రెండేళ్లు ఊరికే పోయాయి.

గుర్రాలను ఒక్కసారిగా కలపరు. మధ్యన గట్టి తడిక కట్టి, దాని మీదుగా మగగుర్రాన్ని మూతి చాపనిస్తారు. ఆడగుర్రం తోక బిగించి వెనకకాలు ఎత్తిందంటే ఇంకా సమయం రాలేదని. తోక పక్కకు తీసి నిమ్మళంగా నిలబడితేనే తడిక తీయాలి. చెవులు చూసి కూడా చెప్పొచ్చంటారు గానీ, మాది పొగరుబోతు. ఎవరిని చూసినా చెవులు వెనక్కి అణిచేది, వాటిని నమ్మడానికి లేదు. తాతయ్య ముందు నిలబడి కళ్లెం పట్టుకుంటాడు కాబట్టి వెనక సంగతి ఆయనకు కనబడదు. అందుకని నన్ను పక్కన అరుగెక్కించి, చూసి చెప్పమన్నాడు. ఆడపిల్లకు అక్కడేం పనని నాయనమ్మ కేకలేసింది. రోజూ ఉలవలు పెట్టేది నేనే కాబట్టి దాని గుణం నాకు తెలుసని తాతయ్య ధీమా.

పుట్టబోయే పిల్ల నాదేనని నేను అప్పటికే వీధంతా చెప్పేసుకున్నాను. మొదటి రోజు మగగుర్రం మూతి చాపి సకిలించింది. మా గుర్రం తోక బిగబట్టే ఉంది. నేను చూశాను. చూసి కూడా "తీసింది తాతా" అన్నాను.

తడిక తీశారు. అంతే, మా గుర్రం వెనకకాళ్లు రెండూ ఎత్తి మగగుర్రం రొమ్ము మీద తన్నింది. చర్మం చీరుకుపోయి రక్తం కారింది. పాపం, అంత పెద్ద గుర్రమూ వణుకుతూ మూలకు పోయి నిలబడింది.

"ఏటి మావా ఇది? దెబ్బ తిన్నాక మరి ఇది దగ్గరకెల్తాదా?" అని ఆసామి మండిపడ్డాడు.

"తప్పు నాదే. నేనే సూసుకోనేదు," అన్నాడు తాతయ్య. నా వైపు చూడను కూడా లేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం గడ్డి వేస్తున్నప్పుడు ఏడుస్తూ నిజం చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. "నీకు పిల్ల కావాలనున్నాది గదే, అదే అగుపడ్డాది నీకు," అన్నాడు. దానికన్నా నాలుగు తన్నినా బాగుండేది.

తర్వాత రెండు రోజులూ తడిక ఊసెత్తలేదు. బెదిరిన మగగుర్రానికి తాతయ్యే తవుడు కలిపి పెట్టాడు, మెడ నిమిరాడు. పొద్దున్నే రెండింటినీ రోడ్డు మీద దూరం దూరంగా నడిపించి, ఆ ఎడం కొంచెం కొంచెంగా తగ్గించారు. మూడో రోజుకి మగగుర్రం మళ్లీ సకిలించింది.

నాలుగో రోజు ఆసామి మూట కట్టుకునే వచ్చాడు. తాతయ్య నన్నే అరుగెక్కమన్నాడు.

"మళ్లీ ఈ గుంటనేనా?" అని ఆసామి విసుక్కున్నాడు.

"దీన్నే," అన్నాడు తాతయ్య.

అవునంటే అందరూ సంతోషిస్తారు, కాదంటే ఏడాది పోతుంది. తోక కాస్త వదులైంది గానీ పక్కకు పోలేదు. "ఇంకా నేదు తాతా," అన్నాను. తాతయ్య మారు అడగకుండా గుర్రాన్ని వెనక్కి తిప్పేశాడు. ఆసామి మా గుర్రం వైపు తేరిపార చూశాడు. కాసేపటికి మూట అరుగు మీద పెట్టి, "పిల్ల బాగానే సూసినాది. రేపటిదాకా ఉంటాన్లే," అన్నాడు.

మర్నాడు తడిక తీయమని చెప్పింది నేనే. ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో నల్లటి పిల్ల గెంతులేసింది.

పెద్దయ్యాక పురుళ్ల ఆసుపత్రిలో నర్సుగా చేశాను. నాకు నోరు ఎక్కువ, కొత్తగా వచ్చిన పిల్లలు తప్పు చేస్తే గట్టిగానే కేకలేసేదాన్ని. కానీ మర్నాడు అదే పని వాళ్లకే అప్పగించేదాన్ని. అబద్ధం చెప్పిన నోటినే తాతయ్య మళ్లీ అడిగాడు కాబట్టి నాకు నిజం చెప్పడం వచ్చింది. ఆ రోజు నన్ను అక్కణ్నుంచి తరిమేసి ఉంటే, ఇంకాస్త నేర్పుగా అబద్ధమాడటం నేర్చుకుని ఉండేదాన్ని.