ఉష వాటా నెత్తళ్లు

మా అత్త పిచ్చమ్మ జువ్వలదిన్నె రేవులో నలభై ఏళ్లుగా చేపలు అమ్ముతోంది. నా కూతురు ఉషకు డబ్బు విలువ నేర్పింది ఆమే. నాకెక్కడ చేతనవుతుంది? నా చేతిలో పది రూపాయలు పడితే పొద్దుగూకేదాకా నిలవవు.

అత్త పిల్లకు పైసా ఇచ్చేది కాదు. మా ఆయన చిన్నబాబు వేట నుంచి వచ్చిన రోజున ఒక చిన్న గంపెడు నెత్తళ్లు దాని ముందు పెట్టి, ఇవి నీ వాటా, పచ్చివే అమ్ముకుంటావో ఎండబెట్టి దాచుకుంటావో నీ ఇష్టం అనేది. పడవలు కదలని రోజుల్లో ఎండు నెత్తళ్లకు మూడింతల ధర పలుకుతుంది. పదేళ్ల పిల్లకు అదేం తెలుసు? ఏ రోజువి ఆ రోజే అమ్మేసి, ఐసులు తిని, గాజులు కొనుక్కుంది.

కార్తీకంలో వాయుగుండం పట్టి పన్నెండు రోజులు పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే బడివాళ్లు పిల్లల్ని శ్రీహరికోటకు తీసుకెళ్తామన్నారు. మనిషికి నాలుగు వందలు. నోటుపుస్తకం నిండా రాకెట్లు గీసుకునే పిల్ల మాది! నా దగ్గర చిల్లిగవ్వ లేదు. అత్తను అడిగితే ఇవ్వనంది. నా నోరు ఊరుకుంటుందా? నీది గుండె కాదు, బండ అని వీధంతా వినేలా తిట్టాను. బస్సు వెళ్లిపోయింది. ఉష గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. పది రోజులు అత్తతో నేను మాట్లాడలేదు.

సంక్రాంతి దాటాక చూస్తే, ఉష ఇసుక మీద పాత వల పరిచి, కాకుల్ని తోలుకుంటూ నెత్తళ్లు ఎండబెడుతోంది. ఎవరూ చెప్పలేదు.

వేసవిలో రెండు నెలల వేట నిషేధం ముగిసే నాటికి మా ఇంట్లో డీజిలుకు కూడా డబ్బు లేదు. చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే ఏడాది పొడుగునా పట్టిందంతా అతను చెప్పిన ధరకే పోయాల్సిందే. అయినా మా ఆయన చొక్కా వేసుకుని అతని దగ్గరికే బయల్దేరాడు. ఉష అడ్డం వచ్చి మూడున్నర వేలు నా చేతిలో పెట్టింది. నిషేధంలో ఎండు నెత్తళ్లు అమ్మిన డబ్బు.

"చేపలు అమ్మినాక నాకు తిరిగియ్యాలమ్మా," అంది.

సిగ్గుతో, సంతోషంతో ఆ డబ్బు మా ఆయన చేతిలో పెట్టాను. నేరుగా వెళ్లి అత్త చేతులు పట్టుకుని, ఆనాడు అన్నమాట మనసులో పెట్టుకోవద్దన్నాను. ఆమె నా కళ్లలోకి చూడకుండా చెప్పింది.

"ఆ పొద్దు నా కొంగున ఐదు నూర్లు ఉండినాయి రమణీ. బిడ్డ ఏడస్తావుంటే మూడుసార్లు ముడి ఇప్పినాను, మూడుసార్లు కట్టేసినాను."

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాను. నేనైతే మొదటిసారే ఇచ్చేసి ఉండేదాన్ని.