తవుడు వేయని చెరువులో ట్రౌట్

మా ఆయనది భీమవరం. వాళ్ళకి చేపల చెరువులున్నాయి. ఆ ధీమాతో, "ఆదివారం మా ఇంట్లో ట్రౌట్ పులుసు, చేపలు నేనే పట్టుకొస్తా" అని అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో నాలుగు కుటుంబాల్ని భోజనానికి పిలిచేశారు. పిలిచాక గాలం కొన్నారు మహానుభావుడు! పరువు దక్కాలంటే ఇక కదలక తప్పలేదు.

శనివారం ఐదింటికే బయలుదేరి, హైవే 66 మీద పడమరకి, 81 మీద దక్షిణానికి డ్రైవ్ చేసి, కొండల మధ్య ఆ చెరువు చేరేసరికి ఎనిమిదైంది. ఇక్కడి ట్రౌట్ హేచరీలో గింజల మేత తిని పెరిగినవి. ట్యాంకర్లలో తెచ్చి వదులుతారు. గాలం వేయగానే వరసగా పడ్డాయి, అన్నీ జానెడే. "పిల్లలు, పెరగనీ" అంటూ ఈయన ప్రతిదాన్నీ నీళ్ళలోకి వదిలేశారు.

మాతో వచ్చి, పక్కన గాలం వేసిన కరీంనగర్ నరేశ్ చూసి చూసి అడిగాడు.

"పట్టుడు ఇడుసుడు ఏందన్నా? రేపు చుట్టాలకి ఉత్త నీళ్ళు పోస్తవా?"

"మా చెరువుల్లో అంతే బాబూ. చిన్నది వదిలితే సైజొస్తుంది."

నాకెందుకో అనుమానమొచ్చింది. పడ్డ ప్రతి చేపకీ తల పెద్దది, ఒళ్ళేమో సన్నం. తర్వాత పడ్డదాన్ని లాక్కుని, అక్కడి బల్ల మీద కోశాను. పొట్టలో పురుగూ పుట్రా ఏమీ లేదు. రెండు గులకరాళ్ళు, పైన్ పుల్ల, సిగరెట్ ముక్క! గింజల మేతకి అలవాటుపడ్డ ప్రాణం, మేతలా కనబడిందల్లా పక్కదానికంటే ముందే మింగేసింది. పాపమనిపించింది.

"ఏమండీ, మీ చెరువులో రోజూ తవుడు వేస్తారు. ఇక్కడెవరు వేస్తున్నారు?"

ఆయన మొహం చూడాలి! "అవునే! పిల్ల ఎక్కువైతే ఏదీ ఎదగదని మా నాన్న వందసార్లు చెప్పాడు" అని తల పట్టుకున్నారు. ఆ తర్వాత పడ్డవేవీ వదల్లేదు. కానీ అక్కడ తేనిచ్చిన కాసిని చేపలూ పులుసుకి చాల్లేదు. ఆదివారం వేపుడు చేసి, పప్పుచారు పెట్టాను. "ఇంత చిన్నవి పట్టావేంటన్నా, పాపం" అన్నాడు భోజనానికి వచ్చినవాళ్ళలో ఒకతను. "పెద్దవి కావాలంటే ఇవి తినాలి, కూర్చో" అన్నారు ఈయన.

వదిలేయడమే దయ అనుకునేదాన్ని. తిండి చాలని చోట అది ఆకలికి అప్పజెప్పడమే. మీరు వెళ్తే మామూలు చేపల లైసెన్స్ కాక ట్రౌట్ లైసెన్స్ విడిగా తీసుకోండి, ఎన్ని తేవచ్చో, ఏ సైజువో బోర్డు చూడండి. ఆ హద్దులో పడ్డదాన్ని, చిన్నదైనా సరే, ఇంటికి తెచ్చుకుని వండుకోండి.