తుండుప్ కాపలా కాసిన గూడు

లేహ్ అవతల మంచుకొండల మధ్యనున్న త్సో కర్ సరస్సుకు ఎండాకాలంలో వచ్చే పర్యాటకులకు నల్లమెడ కొంగలు కనిపిస్తే చాలు. ఫొటోలు తీసుకుని జీపులెక్కి వెళ్లిపోతారు. మేకల కాపరి తుండుప్ కూతురు కున్‌జెస్‌కు మాత్రం ఆ కొంగలంటే పెద్ద పట్టింపు లేదు. ఆమె చూపంతా ఉప్పు సరస్సు పక్కనున్న మంచినీటి మడుగు మీద, అందులో ఈదే జుట్టుపిట్టల మీద. ఆ పిట్టకు తలపై రెండు నల్లటి పిలకలు, చెంపల చుట్టూ ఎర్రమట్టి రంగు కుచ్చు. ఉన్నట్టుండి చప్పుడు లేకుండా మునుగుతుంది. ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

కున్‌జెస్ లేహ్‌లో చదువుకుంది. పక్షులను లెక్కబెట్టే ఒక సంస్థలో చేరితే, వాళ్లు ఆమెకు ఒక పాత కెమెరా ఇచ్చారు. అది మెడలో వేసుకుని పొద్దంతా మడుగు ఒడ్డున బోర్లా పడుకునేది.

"అది పాలిస్తుందా, ఉన్నిస్తుందా? ఏం చూస్తావే అంతసేపు?" అని తల్లి ఛోరోల్ విసుక్కునేది.

"పిల్లలు పుట్టగానే తల్లి వీపెక్కేస్తాయటమ్మా. రెక్కల మధ్య కూర్చుని ఊరంతా తిరుగుతాయట. ఆ ఫొటో ఒక్కటి దొరకనీ, నువ్వు చూపించినవాణ్ణి నోరెత్తకుండా పెళ్లి చేసుకుంటా."

"అయితే ఆ పిట్టకు దీపం పెట్టాల్సింది నేనే!"

ఆ ఫొటో దొరకలేదు. ఒక ఏడాది గుడ్లను కుక్కలు తిన్నాయి. మరుసటి ఏడు కాకులు ఎత్తుకుపోయాయి. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో కున్‌జెస్‌కు కడుపునొప్పి మొదలైంది. ఆసుపత్రికి వెళ్లే కనుమ దారి మంచుకు మూసుకుపోయింది. తుండుప్ ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టి, తనకు ఆనించుకుని, రోడ్డు పనివాళ్ల రేకుల షెడ్డు దాకా తీసుకెళ్లాడు. మంచు తోసే బండి అవతలి వైపు నుంచి రావాలి. వస్తోందన్నారు. షెడ్డులో పొయ్యి పక్కన పడుకుని కున్‌జెస్, "నాన్నా, ఇప్పుడు నొప్పి లేదు" అంది. గండం గడిచిందనుకుని తుండుప్ ఆమెకు వెన్న టీ కాచాడు. అది చల్లారక ముందే ఆమె పోయింది.

పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని, ఉంచుకుంటే వాళ్ల ప్రాణం వెనక్కి తిరిగి చూస్తూ ముందుకు సాగలేదని లామా చెప్పాడు. ఛోరోల్ ఏడవలేదు. కూతురి కోటు, బూట్లు, దుప్పటి ఒక్కొక్కటే ఎవరెవరికో ఇచ్చేసింది. కెమెరాను మాత్రం తుండుప్ జీను సంచి అడుగున దాచాడు. వసంతంలో గుడారం మార్చేటప్పుడు అది ఛోరోల్ చేతికి తగిలింది.

"ఏమయ్యా, ఇదేంటి? బిడ్డను కట్టేసి ఉంచుతావా?"

"ఈ ఒక్క ఎండాకాలం ఉండనివ్వు. అది తీయాలనుకున్న ఫొటో తీసేసి, నా చేత్తోనే ఇచ్చేస్తా."

"నీకు ఫొటోలు తీయడం వచ్చా?"

"అది తీస్తుంటే చూశాగా."

ఛోరోల్ పొయ్యి ఎగదోసింది. "మందను నేను పైకి తోలుకెళ్తాలే," అంది.

అలా ఆ ఎండాకాలం మేకలను తోలుకుని ఛోరోల్ ఒక్కతే పై మేతబీళ్లకు వెళ్లింది. తుండుప్ చిన్న గుడ్డ గుడారం వేసుకుని మడుగు దగ్గర ఆగిపోయాడు. తినడానికి బార్లీ పేలపిండి, ఎండు జున్ను. కుక్కలను తోలడానికి, రాళ్లు విసిరే ఒడిసెల. పర్యాటకుల గుడారాల దగ్గర పారేసిన తిండికి మరిగిన కుక్కలవి. తిండి లేనప్పుడు గూళ్ల మీద పడతాయి.

పిట్టలు జంట కట్టడం అతను మొదటిసారి దగ్గర నుంచి చూశాడు. రెండూ ఎదురెదురుగా వచ్చి, కాదు కాదన్నట్టు తలలు ఊపుకున్నాయి. తర్వాత మునిగి, ముక్కుల నిండా నాచుతో పైకి లేచి, రొమ్ముకు రొమ్ము ఆనించి నీళ్ల మీద నిలబడ్డాయి. తుండుప్ బటన్ నొక్కడం మరిచిపోయి పకపకా నవ్వాడు. కూతురు పోయాక అతను నవ్వింది అదే మొదటిసారి.

పై బీళ్లలో ఛోరోల్ పక్కనే గుడారం వేసుకున్న గ్యాల్సన్ తాత ఆ దారిన పోతూ గుర్రం ఆపాడు. "ఒరేయ్ తుండుప్, మేకలను పెళ్లానికి అప్పజెప్పి పిట్టల కాపరివయ్యావట?"

"వీటికి ఉన్ని దువ్వే పని లేదు తాతా. హాయిగా ఉంది."

ముసలాయన నవ్వబోయి, అతని మెడలోని కెమెరా చూశాడు. జేబులోంచి గుప్పెడు ఎండు ఆప్రికాట్లు తీసి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

పిట్టలు నాచు మీద నాచు వేసి గూడు కట్టాయి. గుడ్లు పెట్టాయి. గూడు వదిలి వెళ్లాల్సి వస్తే తల్లిపిట్ట గబగబా తడి నాచు లాగి గుడ్లు కప్పేసేది. తుండుప్ అన్నీ తీశాడు. సగం ఫొటోల్లో తల తెగింది, కొన్నిట్లో నీళ్లు తప్ప ఏమీ లేవు. రోజురోజుకీ బాగా తీయడం వచ్చింది. అయితే ఆ ఏడు మంచు తక్కువ పడింది. మడుగు లోపలికి తగ్గుతూ పోయింది. గూటికీ ఒడ్డుకీ మధ్య నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. కుక్కలు నడిచొస్తే విసరడానికి అతను రాళ్లు పేర్చుకుని, అక్కడే కూర్చుని నిద్రపోయేవాడు.

గుడ్లు ఇవాళో రేపో పగులుతాయనగా గ్యాల్సన్ కోడలు మోటారు సైకిల్ మీద వచ్చింది. "బాబాయ్, తొందరగా రా. దొడ్లో తోడేలు పడింది. గోడ కూలి పిన్ని చెయ్యి విరిగింది."

తుండుప్ ఒకసారి గూటి వైపు చూశాడు. తర్వాత బండెక్కాడు.

దొడ్లో మేకపిల్లలు వరసగా పడి ఉన్నాయి. ఛోరోల్ విరిగిన చేతిని శాలువతో కట్టుకుని, కొన ఊపిరితో ఉన్న ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొగుడు రాగానే తిడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె తలెత్తి, "పిట్టలు పిల్లల్ని చేశాయా?" అని అడిగింది.

తుండుప్ చచ్చినవాటిని దూరంగా మోసుకెళ్లాడు, పడిపోయిన రాతిగోడ మళ్లీ పేర్చాడు, పాలు పితికాడు. పనులన్నీ అయ్యాక గ్యాల్సన్ వాళ్లు మందను తాము చూసుకుంటామని, అతన్ని మడుగు దగ్గరికి వెళ్లి రమ్మన్నారు. "నేనూ వస్తా," అంది ఛోరోల్.

వాళ్లు చేరేసరికి గూడు ఎండిన బురద మీద ఉంది. చుట్టూ కుక్కల అడుగులు. నాచు చెల్లాచెదురై, పెంకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. తుండుప్ గూటి ముందు చతికిలబడ్డాడు. పిట్టల దగ్గరే ఉండిపోతే ఇటు పిల్లలు దక్కేవి, మొదటి నుంచీ మంద దగ్గరుంటే అటు మేకపిల్లలు దక్కేవి అనుకున్నాడు. షెడ్డులో టీ కాచకుండా కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంటే అని కూడా అనుకున్నాడు.

"అవేనా?" అంది ఛోరోల్.

మడుగు నడిమధ్య జంట తేలుతోంది. అతను కెమెరా ఆమె కంటికి ఆనించి పట్టుకున్నాడు. రెండు పిట్టలూ తలలు ఊపుకుంటున్నాయి. ఒకటి మునిగి నాచుతో లేచింది.

"మళ్లీ కడుతున్నాయి కదూ?"

"ఊఁ."

"పిల్లలకు రెక్కలొచ్చేసరికి నీళ్లు గడ్డకట్టేస్తాయి కదయ్యా. ఆ సంగతి వాటికి తెలీదా?"

"తెలిసినా కడతాయేమో."

ఛోరోల్ కెమెరా నుంచి కన్ను తీయలేదు. భుజాలు మాత్రం కదలసాగాయి. కూతురు పోయిన నాటి నుంచి లోపలే నిలిచిపోయిన ఏడుపంతా ఆ ఒడ్డున బయటికొచ్చింది. తుండుప్ ఆమె పక్కనే కూర్చుని బాగున్న చేతిని పట్టుకున్నాడు.

మాట ప్రకారం కెమెరాను థుక్జే ఊరి బడిలో పాఠాలు చెప్పే అమ్మాయికి ఇచ్చేశారు. రెండో గూట్లో పిట్టలు గుడ్లు పెట్టాయి గానీ, అవి పగలకముందే గాలి మారింది. ఒక ఉదయం చూస్తే మడుగు ఖాళీగా ఉంది.

ఛోరోల్ చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ చలికాలం పాలు పితికే పని తుండుప్‌దే. ఆమె వచ్చి మేకల వరస పక్కన కూర్చునేది. పోయినవాళ్ల పేరు ఎత్తకూడదని అక్కడ పట్టింపు. అందుకని కూతురి పేరు ఎత్తకుండానే, అది ఏ మజిలీలో పుట్టిందో, ఏ మేకపిల్లను పక్కలో పెట్టుకుని పడుకునేదో, మెల్లగా చెప్పుకుంటూ పోయేది. తుండుప్ పితుకుతూ వినేవాడు. ఛోరోల్ ఏదైనా మరిచిపోతే, అది అతను అందించేవాడు.