లిస్టుల ఏడో పేరు

ఆ నీలం టీషర్టును నేనింక పారెయ్యలే. బీరువల కింది అరల మడతపెట్టి ఉంచిన. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండాలె, అందుకే ఉంచిన. మర్చిపోయే గుణం నాది. ఎవలన్న రెండు మంచి మాటలు చెప్తె కరిగిపోయి, మళ్ల గదే వంటింట్లకు పోయి నిలవడ్త. ఈసారి మర్చిపోవద్దని పెట్టుకున్న.

నేను సిరిసిల్లల ఒక బడికి హెచ్చెం మేడంను. ఇద్దరన్నదమ్ముల నడుమ ఒక్కదాన్నే ఆడపిల్లను. అన్నకు కోరుట్లల రైసుమిల్లు, తమ్మునికి జగిత్యాలల దవాఖాన. మల్లాపూర్ దిక్కు ఊర్లె మా తాత దొర. కోట లెక్క ఉన్న మా గడి ఎప్పుడో కూలిపోయింది, భూములు చాన పోయినయి, కని ఒకలకు పని చెప్పే అలవాటు మాత్రం మా ఇంట్ల పోలే. నేను పెండ్లి చేసుకోలే, చేసుకోబుద్ధి కాలే. ఒక్కదాన్నే ఉండేసరికి నేను అందరి సొత్తు అనుకుంటరు. ఎవలింట్ల కార్యమైనా రెండు రోజుల ముందుగాల ఫోనొస్తది, నేను సంచి సదుర్కొని బస్సెక్కుత.

పోయిన ఎండాకాలం సెలవులల్ల అన్న ఫోన్ చేసిండు. "చెల్లె, గ్రీసు పోదాం. తెరచాప పడవ మొత్తం మనకే మాట్లాడిన. కెప్టెన్ ఉంటడు, పనోళ్ళుంటరు. వారం రోజులు దీవులు తిరుగుడే. నీ వంతు నువ్వు ఇచ్చుకో" అన్నడు. వెంటనే ఒక వీడియో పంపిండు. అండ్ల తెల్లటి తెరచాప కిందికెల్లి మీదికి లేస్తుంటె, గాలి నిండి ఒక్కసారే ఉబ్బింది. పడవ ముందట వల లెక్క అల్లిన జాగ ఉంది. దాని మీద ఒకామె కాళ్ళు చాపుకొని ఆ తెరచాప దిక్కే చూస్తుంది. ఆమెను ఎవలు పిలుస్తలేరు. చాయ్ తెమ్మంటలేరు. యాభై ఆరేండ్లల్ల నేను ఎన్నడన్న గట్ల కూసున్ననా అని ఆలోచించిన. లేదు. నాకు దీవులు గీవులు అక్కెర లేదు, గక్కడ గట్ల కూసొని తెరచాప లేస్తుంటె చూడాలె, గంతే. నా వంతు నేనిచ్చిన, అందరితోని సమానంగ.

అన్నకు బయటి తిండి పడది. "జర మన కారం, పసుపు, చింతపండు పట్టుకరా" అన్నడు. గవ్వి పట్టుకరమ్మంటె నేనేం చేసిన? ఐదు లీటర్ల కుక్కర్ గూడ పెట్టిన. ఉప్మా రవ్వ, బియ్యప్పిండి, కొత్త మామిడికాయ తొక్కు, అన్ని పెట్టిన. ఎవలు చెప్పలే, నేనే పెట్టిన. ఎవల మీద అరువాలె చెప్పుండ్రి!

ఏథెన్స్ దగ్గర రేవుల పడవ ఎక్కినం. కెప్టెన్ నెరిసిన గడ్డపాయన, ఆయన భార్యే తాళ్ళు గుంజుడు, సఫాయి అన్ని చూస్కుంటది. ఇద్దరే పనోళ్ళు. పడవల నాలుగు గదులు. ఒకటి అన్నకు, వదినకు. ఒకటి తమ్మునికి, మరదలికి. ఒకటి కెప్టెన్ వాళ్ళది. నాలుగోది మంచి కిటికీ ఉన్న గది, నాదే గావచ్చని సంచి పట్టుకొని పోతి. అండ్ల వాళ్ళ సూట్‌కేసులు పెట్టిన్రు. "నీకు సెపరేట్ జాగ ఉంది చెల్లె, ఎవల లొల్లి ఉండది" అని అన్న నన్ను పడవ ముందటి మూతి కాడికి తోలుకపోయిండు. ఒక మూత లేపితె కిందికి నిచ్చెన. అండ్ల ఒక మంచం, ఒక బల్బు. మోకాళ్ళు ముడిస్తె గోడకు తగులుతున్నయి. సూట్‌కేసులు కిటికీల నుంచి సముద్రం చూస్తయట, నేను గా బొక్కల పండుకోవాలెనట. గదప్పుడు గూడ నాకు సమజ్ కాలే. సర్దుకపోదాం తీ అనుకున్న.

గప్పుడే కెప్టెన్ భార్య నవ్వుకుంట అచ్చి, నా చెయ్యి పట్టుకొని ఊపి, ఒక నీలం టీషర్టు ఇచ్చింది. ఛాతి మీద పడవ బొమ్మ. పడవకచ్చిన చుట్టాలకు ఇచ్చే కానుక అనుకొని సంబరపడ్డ. డ్రెస్సు మీద తొడుక్కొని ఫోటో దిగి బడి స్టాఫ్ గ్రూపుల పెట్టిన, మా సార్లు, టీచర్లు అందరు చప్పట్ల బొమ్మలు పంపిన్రు. "నీకియ్యలేదా వదినా?" అని వదినను అడిగిన. ఆమె నవ్వి మొఖం తిప్పుకుంది.

మూడు రోజులు ఏం జరిగిందంటె, పొద్దుగాల పది కొట్టంగ రేవు దాటుతం, తెరచాప ఎత్తుతరు. సరిగ్గ గప్పుడే కిందికెల్లి అన్న కేకేస్తడు. "చెల్లె, ఇంకింత ఉప్మా." "చెల్లె, ఇంకో సర్వపిండి." నేను వంటింట్ల పెనం కాడ ఉంట. నా నెత్తి మీద గిరకలు కిర్రుమంటయి, ఉరుకులాట వినవడ్తది, "అబ్బా, చూడుండ్రి!" అని మరదలు ఒర్లుతది. చేతులు తుడుసుకొని మీదికి ఉరికేసరికి తెరచాప ఎత్తుడు అయిపోయి ఉంటది. రెండుసార్లు కెప్టెన్ భార్య తలుపు కాడికచ్చి, మీదికి రమ్మని చెయ్యి ఊపింది. "వద్దొద్దు, ఆమె వండుతది" అని అన్న ఇంగ్లీషుల చెప్పి ఆమెను తోలిచ్చిండు.

మూడో రోజు పారోస్ దీవి రేవుల ఒక ఆఫీసరు కాయిదాలు చూసుటానికి పడవెక్కిండు. కెప్టెన్ లిస్టు తీసి తినే బల్ల మీద పరిచిండు. ఆఫీసరు లెక్కపెట్టుకుంట నా దిక్కు చూసి, నా పేరు కాడ టిక్కు పెట్టిండు. ముప్పై ఏండ్లు పిల్లల లిస్టులు చూసిన కండ్లు నావి, లిస్టు కనవడితె చదువకుండ ఉండలేను. మీద చుట్టాలు నలుగురు. కింద పనోళ్ళు ముగ్గురు. ఏడో పేరు నాది. పక్కకు కుక్ అని ఉంది.

 తల ఎత్తి చూస్తె కెప్టెన్ ఒంటి మీద నీలం టీషర్టు, ఆయన భార్య ఒంటి మీద నీలం టీషర్టు, నా ఒంటి మీద నీలం టీషర్టు. ఫోటో దిగి అందరికి పంపుకున్న గదా నేను! నెత్తురు మొత్తం మొఖానికెక్కింది. ఆఫీసరు దిగిపోయేదాక పండ్లు కొరుక్కొని నిలవడ్డ.

"ఇదేందన్నా?" అని లిస్టు చూపెట్టి అడిగిన.

అన్న పిస్తాలు ఒలుసుకుంట, "అదా! వాళ్ళ వంటోడు ఏం కోసిన కత్తితోని ఏం కోస్తడో అని వద్దంటి. పడవల వంటమనిషి లేకుంటె కుదరదన్నరు. నీ పేరు రాయిచ్చిన. వట్టి కాయిదం ముచ్చట, దానికి గింత మొఖం పెడ్తవేందే" అన్నడు.

"నా వంతు ఇచ్చిన గదా నేను!"

"ఇయ్యలేదని ఎవలన్నరు? వండుడు నీకేమన్న కొత్తనా?"

"ఇంటికాడ వండుకుంటలేవా?" అని వదిన అందుకుంది. "ఈడ నలుగురికి వండితె అరిగిపోతవా ఏంది?"

తమ్ముని దిక్కు చూసిన. వాడు డాక్టర్ సీటు కోసం చదువుతున్నప్పుడు, హైదరాబాదుల గది తీసుకొని రెండేండ్లు వండిపెట్టింది నేనే. వాడు ఫోన్ల నుంచి తల ఎత్తలే. "గిప్పుడు లొల్లెందుకక్కా" అన్నడు. అన్న మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, వాని మీద వచ్చింది ఒక ఎత్తు. వంటింట్లకు పోయిన.

గాడ నిలవడితె మా గడిల వంటామె యాదికచ్చింది. పొద్దుపొడువంగ పొయ్యి ముందట కూసుంటే మళ్ల అందరు తిన్నంకనే లేసేది. వెనుక వాకిట్ల వట్టి నేల మీద కూసొని, చల్లారిన బువ్వ తినేది. రా, ఈడ కూసో అని ఆమెను ఎవలు పిలువలే. నేను పిలువలే. అందరు సమానమని బడిల గొంతు చించుకొని చెప్త, కని ఆమె ఎక్కడ సచ్చిపోయిందో గూడ నాకు తెల్వది. ఆమె వండిన కూరల రుచి మాత్రం మంచిగ యాదికున్నది. థూ, నా బతుకు! ఆమె జాగల నన్ను నిలవెట్టేదాక నాకు ఆమె యాదికి రాలే.

కోపంతోని కారం డబ్బలు, పసుపు డబ్బలు పక్కకు నూకిన. వాటి వెనుక గోడకు ప్లాస్టిక్ తొడిగిన కాయిదం ఒకటి అంటిచ్చి ఉంది. మూడు రోజులు నా డబ్బలతోని నేనే దాన్ని కమ్మిన. పడవ పనోళ్ళకు ఇంగ్లీషుల రాసిన రూల్స్. నేను రూల్స్ మనిషిని, మొత్తం చదివిన. పనోళ్ళకు పని చెప్పేది కెప్టెన్ ఒక్కడే, చుట్టాలు చెప్పొద్దు. వంట రోజుకు రెండు పూటలే. దాని కింద, తెరచాప ఎత్తేటప్పుడు పనోళ్ళందరు మీదనే ఉండాలె.

ఆ ఆఖరిది మూడుసార్లు చదువుకున్న.

తెల్లారి పదింటికి పడవ రేవు దాటింది. "చెల్లె, ఇంకింత ఉప్మా" అని అన్న ఒర్రిండు. నేను గ్యాస్ బంద్ చేసిన. టీషర్టు కిందికి గుంజుకొని, చున్నీ నడుముకు కట్టుకొని, వాళ్ళ ముందటికెల్లే మీదికి నడిచిన.

"ఏడికే?"

"డ్యూటీకి."

"డ్యూటేంది? ఉప్మా ఏది?"

"నేను పనిమనిషిని గదన్నా. నువ్వే రాయిచ్చినవు. తెరచాప ఎత్తేటప్పుడు పనోళ్ళు మీద ఉండాలెనట, గోడకు రాసి ఉంది, పోయి చదువుకో. నాకు పని చెప్పేది కెప్టెన్, నువ్వు కాదు."

అన్న లేసి కెప్టెన్ మీదికి పోయి ఇంగ్లీషుల గయ్యిమన్నడు. కెప్టెన్ ఆయన చెప్పింది మొత్తం విన్నడు. తర్వాత నా టీషర్టు దిక్కు చూసి, తాడు తెచ్చి నా చేతికిచ్చిండు. ఆయన భార్య నా వెనుక నిలవడి గుంజుడు షురూ చేసింది. నేను గూడ గుంజిన. చిన్నప్పుడు బాయి కాడ చేద గుంజిన చేతులు, మర్చిపోలేదు. గుంజినకొద్ది తెరచాప లేస్తుంది, తాడు అరచేతులల్ల మంట పెడ్తుంది. నెత్తి ఎత్తి చూసిన. మూరెడు మూరెడు మీదికి పోయి, కొసాకరికి గాలి తగిలి బుస్సున ఉబ్బింది. నేను ఏడ్సిన. సంబరంతోని ఏడ్సిన్నని అనుకునేరు, కాదు. గింత చిన్నదాని కోసం గింత గుంజాలెనా అని కోపంతోని ఏడ్సిన.

తర్వాత ముందటికి పోయి ఆ వల మీద కాళ్ళు చాపుకొని కూసున్న. కింద నీళ్ళు ఉరుకుతున్నయి. వెనుకకెల్లి అన్న మూడుసార్లు చాయ్ అన్నడు. నేను వెనుకకు మర్లి చూడలే.

ఆ రోజు నుంచి రెండే పూటలు వండిన. కెప్టెన్, ఆయన భార్య, నేను, ముగ్గురం అదే బల్ల కాడ అన్నోళ్ళతోని కూసొని తిన్నం. వదినకు ముద్ద దిగలే. దిగకపోతె నాకేంది!

ఆఖరి రోజు పడవ దిగేటప్పుడు పనోళ్ళకు బక్షీసు ఇచ్చే రివాజట. అన్న కవరు తీసి, అందరు చూసేటట్టు కెప్టెన్ చేతుల పెట్టిండు. కెప్టెన్ గాడనే బల్ల మీద నోట్లు తీసి మూడు వంతులు వేసిండు. మూడోది నా దిక్కు జరిపిండు.

అన్న మొఖం మాడిపోయింది. "కాదు కాదు, ఈమె నా చెల్లె" అన్నడు. కెప్టెన్ లిస్టు తీసి నా పేరు మీద వేలు పెట్టి చూపిచ్చి, మళ్ల మడిచి జేబుల పెట్టుకున్నడు.

నేను ఆ నోట్లు తీసుకున్న.

"సిగ్గు లేదా? పనిదాని లెక్క చెయ్యి చాపుతవా? ఇంటి ఇజ్జత్ ఏంగావాలె?" అని వదిన అందరి ముందట ఒర్రింది. ఏర్‌పోర్టుల అన్న గదే పాట, విమానంల తమ్ముడు గదే పాట. వాడు గప్పుడు మాత్రం ఫోన్ల నుంచి తల ఎత్తిండు. వారం రోజులు నాతోని చాకిరి చేయిచ్చుకుంటె పోని ఇజ్జత్, దానికి నాలుగు నోట్లు తీసుకుంటె పోయిందట! ఆ నోట్లు ఖర్చు పెట్టలే. టీషర్టు మడతలల్లనే ఉన్నయి.

మూడు నెలలు మా నడుమ మాటల్లేవు. సచ్చిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస దగ్గరికచ్చినంక అన్న ఫోన్ చేసిండు. "నాయిన పేరు మీద బియ్యమిస్తున్నం. నలభై మంది తినేటోళ్ళున్నరు. రెండు రోజుల ముందుగాల రా చెల్లె" అన్నడు, ఏం జరగనట్టే.

"భోజనాలు ఎన్నింటికి?" అని అడిగిన.

"పన్నెండింటికి."

"పదకొండున్నరకు అస్త. నా పేరు చుట్టాల దిక్కు రాసుకో."

పదకొండున్నరకే పోయిన. వదిన వంటకు ఒక ముసలామెను పెట్టుకుంది. హాల్ల వరుసగ ఇస్తరాకులు పరిచిన్రు, అన్న పట్టు దోవతి కట్టుకొని పెద్ద జాగల కూసున్నడు, తమ్ముడు ఆయన పక్కకు. నేను వంటింట్లకు పోయిన. ఆ ముసలామె పొయ్యి కాడ చెమటలు కక్కుతుంది. గ్యాస్ బంద్ చేసి, వద్దమ్మా వద్దమ్మా అంటున్నా వినకుండ, చెయ్యి పట్టుకొని తెచ్చి నా పక్క ఇస్తరాకు ముందట కూసోబెట్టిన. 

వదిన గుడ్లు ఉరిమింది. "ఆమె కూసుంటె, నువ్వు కూసుంటె, మరి వడ్డించేదెవలు?"

"అన్న ఖాళీగనే కూసున్నడు గదా" అంటి. "లేవుమను."