వెనక స్పీకర్లు

సుందర్ రాజ్ వస్తువులకి థాంక్యూ చెబుతాడు. బస్సు దిగితే డ్రైవరుకి కాదు, బస్సుకి చెబుతాడు. కరెంటు పోయి వస్తే ఫ్యాను వైపు చూసి చెబుతాడు. స్టీల్‌ప్లాంట్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు క్రేను నడిపాడు. షిఫ్టు అయ్యాక హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆ ముక్క అంటేగానీ కేబిన్ దిగేవాడు కాదు. అన్నేళ్లూ కింద నిలబడి, చేతి సైగలతో ఆ క్రేనుని నడిపించిన ఖలాసీని నేను. నాకు మాత్రం ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నువ్వు మనిషివి కదా బావా, సెప్పకపోతే తెల్దేటి?" అన్నాడు.

నా పేరు తవిటయ్య. మాది విజయనగరం అవతల వ్యవసాయం చేసుకునే ఇల్లు. వాళ్లు గాజువాకలో మూడు తరాలుగా ఉన్న క్రైస్తవులు. ప్లాంటులో కలిశాం, తరవాత కూర్మన్నపాలెంలో ఒకే బిల్డింగులో చేరాం. వాళ్లు కింద, మేం పైన. ఆయన నాకు బావ, కాబట్టి ఆయన భార్య ఆరోగ్యమ్మ నాకు చెల్లెలు.

ఆరోగ్యమ్మ చర్చి క్వయర్‌లో ఇరవై ఏళ్లు పాడింది. అందరూ పాడే వరస పైన పోతుంటే, దాని కిందుగా ఇంకో వరస పట్టుకుని పాడటం ఆవిడ పని. దాన్ని ఆల్టో అంటారట. మా భజనల్లో అలాంటిది లేదు గనక నాకు దాని విలువ చాలాకాలం తెలియలేదు. నాలుగేళ్ల కిందట ఆవిడకి థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఇప్పుడు ఆవిడ ఏం మాట్లాడినా గుసగుసే.

ఆ గుసగుస వినడానికి మా బావకి చెవులు ఉండాలి కదా! ప్లాంటులో మిల్లు మోతకి అవెప్పుడో సగం పోయాయి. ఆవిడ అరవలేదు, ఈయనకి వినపడదు. చూడలేక నేనే ఆవిడకి క్రేను సైగలు నేర్పాను. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందికి ఆడిస్తే దించు. పిడికిలి పైకెత్తితే ఆపు. ఇప్పుడు వాళ్లింట్లో కుక్కరు దించడం దగ్గర్నుంచి అన్నీ సైగల మీదే నడుస్తాయి. అన్నిటికంటే ఎక్కువ వాడేది పిడికిలి. బావ నోరు అలాంటిది.

ఈ ఏడాది వాళ్ల చర్చికి యాభై ఏళ్లు నిండాయి. ఆ పండగకి, 2011 క్రిస్మస్‌లో క్వయర్ వాళ్లే కట్టుకున్న పాటని మళ్లీ పాడించాలని ఫాదర్‌గారు అనుకున్నారు. ఆ పాటలో ఆల్టో వరస ఆరోగ్యమ్మది. వంటింట్లో పోపు వేస్తూ పాడుకుంటూ కట్టింది. ఎక్కడా రాయలేదు, రాయడం రాదు కూడా. అప్పట్లో ఆవిడ పక్కన పాడినవాళ్లు ఒక్కరూ ఇప్పుడు ఊళ్లో లేరు.

ఇప్పుడు క్వయర్‌లో పాడుతున్న దీనా అనే స్కూలు టీచరమ్మాయి వచ్చి, "ఆంటీ, మీ వరస మాకు నేర్పరా?" అని అడిగింది. ఆరోగ్యమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. మంచినీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించింది. అంతే. "అది నేకుండానే పాడుకోండమ్మా" అని గుసగుసగా చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఆదివారం నుంచి చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది.

బావకి నిద్ర పట్టలేదు. "గొంతెలాగూ పోయింది బావా. ఆ వరస కూడా పోతే ఇంకేటి మిగుల్తాది దానికి?" అన్నాడు.

ఆ పాట రికార్డు చేసిన డిస్కు బీరువాలో భద్రంగా ఉంది. ప్లేయరే లెన్సు పోయి మూలన పడింది. గాజువాకంతా తిరిగినా కొత్త ప్లేయరు దొరకలేదు. చివరికి రమణమూర్తి షాపుకి వెళ్లాం. ఆ డిస్కు చేసింది ఆయనే. అప్పట్లో రికార్డింగులు, పెళ్లి వీడియోలు చేసేవాడు, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ సామాన్లు అమ్ముతున్నాడు.

"ప్లేయర్లు ఇంకెక్కడున్నాయండీ! ఇది పట్టుకెళ్లండి" అంటూ ఒక నల్ల పెట్టె మా ముందు పెట్టాడు. పిల్లలు ఆడుకునే పాత ప్లేస్టేషన్.

నాకు నవ్వాగలేదు. "ఏటి బావా, మనవలకి పెళ్లీడొచ్చే టైముకి తుపాకీలట్టుకుని గేములాడతావేటి?"

"నవ్వకండి తవిటయ్యగారూ. గేములే కాదు, డిస్కు కూడా ఆడతాది. మామూలు ప్లేయరు కన్నా బాగా ఆడతాది" అన్నాడు రమణమూర్తి. ఆయన మాట పూర్తయ్యేలోపే బావ పెట్టెని ఒళ్లో పెట్టుకుని దానికి థాంక్యూ చెప్పేశాడు.

ఇంటికి తెచ్చి టీవీకి తగిలించాం. రిమోటు బదులు దానికి రెండు చేతులతో పట్టుకునే గేము పిడి ఉంది. బొటనవేళ్ల కింద రెండు చిన్న లివర్లు. "అచ్చం మన కేబినే బావా!" అని బావ మురిసిపోయాడు. దీనాని పిలిపించాం. బొమ్మ వచ్చింది, పాట వచ్చింది. పై వరస వినిపించింది, మగవాళ్లు వినిపించారు. ఆరోగ్యమ్మ తెరమీద నోరు కదుపుతూ కనిపించింది. అంతే. దీనా టీవీకి చెవి ఆనించి మూడుసార్లు విని, "అన్నీ కలిసిపోయాయి అంకుల్, విడిగా తెలియడం లేదు" అంది. ఆరోగ్యమ్మ మా వైపు అరచెయ్యి కిందికి ఆడించి లేచి వెళ్లింది. దించెయ్యమని.

నాకు ఒళ్లు మండింది. రమణమూర్తికి ఫోన్ చేసి కడిగేశాను. అంతా విని ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఎనక స్పీకర్లెట్టారా?"

"ఎనకేటి?"

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ డిస్కు వచ్చిన ఏడాదే బావ ముచ్చటపడి హోమ్ థియేటర్ కొన్నాడు. డబ్బా విప్పింది మేమిద్దరమే. అందులో రెండు చిన్న స్పీకర్లు కుర్చీల వెనక పెట్టాలని బొమ్మ వేసి ఉంది. "పదడుగుల హాలు. ఎనక కూకునీవోడెవుడు బావా, గోడే కదా?" అన్నాను. నిజమే అన్నాడు. ఆ రెండూ అట్టపెట్టెతో సహా అటకెక్కాయి.

"ఆ పాటకి ఐదు మైకులెట్టాను. ఇనీవోళ్లు క్వయర్ నడుమ కూకున్నట్టుండాలని ఆల్టో మొత్తం ఎనక ఎడం స్పీకర్లోకి తోసాను. పద్నాలుగేళ్లయింది. దాన్నిగురించి ఒక్కరంటే ఒక్కరు అడగనేదండి" అన్నాడు రమణమూర్తి. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

మర్నాడు మధ్యాహ్నం తనే వచ్చాడు. పాత ప్లేయరుకి ఉన్న ఎర్ర, తెల్ల వైర్లలో రెండు స్పీకర్ల శబ్దమే వస్తుందని, ఈ పెట్టె నుంచి అన్నీ విడివిడిగా తీసుకోవచ్చని చెప్పి, శబ్దాన్ని వెలుతురుగా మార్చి పంపే సన్నని వైరు ఒకటి హోమ్ థియేటర్‌కి తగిలించాడు. నేను అటకెక్కాను. స్పీకర్లకి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఎడమది ఆరోగ్యమ్మ కుర్చీ వెనక స్టూలు మీద పెట్టాం.

పాట మొదలైంది. ముందు నుంచి అందరూ పాడుతున్నారు. రెండో చరణంలో ఆరోగ్యమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. వెనక నుంచి ఎవరో పేరుపెట్టి పిలిస్తే తిరుగుతాం చూడండి, అలా. స్పీకరు కేసి చూస్తూ తన గొంతు తడుముకుంది. బావ మోకాళ్ల మీద వంగి స్పీకరుకి చెవి ఆనించాడు. "అదే! అదే బావా, మీ సెల్లెలే!" అని బిల్డింగు అదిరేలా అరిచాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ గొంతుని పద్నాలుగేళ్లు అటక మీద ఉంచినవాణ్ణి నేను.

దీనా మరో ముగ్గురు అమ్మాయిల్ని వెంటపెట్టుకుని వారం రోజులు వచ్చింది. స్పీకరు చుట్టూ చాప మీద కూర్చునేవారు. వరస పట్టుబడింది గానీ, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తగ్గాలో కుదరలేదు. అప్పుడు ఆరోగ్యమ్మ లేచి వాళ్ల ముందు నిలబడింది. వేలు పైకి తిప్పింది. అరచెయ్యి మెల్లగా దించింది. పిడికిలి బిగించింది. అమ్మాయిలకి దారి దొరికింది. ఆవిడ పిడికిలి ఎత్తితే బావ డిస్కు ఆపేవాడు, వేలు వెనక్కి చూపిస్తే వెనక్కి తిప్పేవాడు. ఆ వారమంతా ఆయన మళ్లీ క్రేను మీదే ఉన్నాడు.

పండగ ఆదివారం నేనూ చర్చికి వెళ్లాను. ఆరోగ్యమ్మ ఆఖరి బెంచీలో లేదు. మాకు వీపు పెట్టి, ఆల్టో అమ్మాయిలకి ఎదురుగా నిలబడింది. పాట మొదలైంది. అంత దూరం నుంచి ఆడవాళ్ల గొంతులు బావకి అందవు. ఆవిడ చేతినే చూస్తున్నాడు.

"ఇనబడతందా బావా?" అన్నాడు, తన మటుకు మెల్లగా. నాలుగు బెంచీలు తిరిగి చూశాయి.

"ఇనబడతంది బావా. కిందన, బాగా ఇనబడతంది."

నిజంగానే వినపడుతోంది. ఇంతకాలానికి నాకూ అది విడిగా తెలిసింది.

పాట అయిపోయింది. నా పక్కన బావ లేచి నిలబడ్డాడు. ఇటూ అటూ చూశాడు. అక్కడ బస్సు లేదు, ఫ్యాను లేదు, పెట్టె లేదు.

"థాంక్యూ ఆరోగ్యం!" అని అరిచాడు, మిల్లు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా.

చర్చి మొత్తం ఇటు తిరిగింది. ఆరోగ్యమ్మ మాత్రం తిరగలేదు. కుడి చేత్తో కళ్లు తుడుచుకుని, ఎడమ చెయ్యి తలపైకెత్తి పిడికిలి చూపించింది.

బావ టక్కున కూర్చున్నాడు.