పెడన ఇంట్లో బతకని రొయ్య

2022 వానాకాలం. బందరులో నేను అక్వేరియం షాపు పెట్టి అప్పటికి రెండేళ్లు. అంతకుముందు బంటుమిల్లిలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో తొమ్మిదేళ్లు పనిచేశాను. రొయ్య గురించి నాకొకరు చెప్పేదేమిటన్న ధీమా ఉండేది. ఆ ధీమాను దించింది వేలెడంత కూడా లేని, కూరకు పనికిరాని ఒక ఎర్ర రొయ్య.

దాన్ని క్లీనర్ ష్రింప్ అంటారు. వీపు మీద తెల్ల చార, పొడుగాటి తెల్ల మీసాలు. చేపల ఒంటిమీది పురుగులను, చచ్చిన చర్మాన్ని ఏరుకు తింటుంది. పెడన నుంచి వచ్చిన కనకదుర్గ గారు మొదటిసారి ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుంటూ నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే రెండు క్లౌన్ చేపలతో పాటు దాన్నీ తీసుకెళ్లారు. ఆవిడ పాతికేళ్లు కలంకారీ అచ్చులు వేసిన మనిషి. నడుం ఆపరేషన్ తరవాత బల్ల దగ్గర నిలబడలేక ఇంట్లో ఉండిపోయారు. ట్యాంకు ముందు కూర్చున్నాకే మళ్లీ నాలుగు మాటలు మాట్లాడుతోందని వాళ్లాయన మురిసిపోయారు.

పదిరోజులకు ఫోను వచ్చింది. రొయ్య పోయింది, చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి. ట్యాంకు నీళ్లు సీసాలో తెప్పించి చూశాను. సెలైనిటీ, అంటే ఉప్పు పాళ్లు, సరిగ్గా ఉంది. మిగిలిన తిండీ రెట్టా కుళ్లితే పుట్టే అమోనియా అసలు లేదు. ఇక మిగిలింది కాపర్. చేపల మందుల్లో ఆ రాగి ఉంటుంది. చేప తట్టుకుంటుంది గానీ రొయ్యకు అది విషం. దాన్ని కొలిచే కిట్టు నా షాపులో లేదు.

"మందేమైనా వేశారా అమ్మా?" అని అడిగాను.

"లేదండీ. మీరు చెప్పినట్టే సబ్బు చుక్క కూడా తగలనివ్వట్లేదు."

ఏమీ తోచక, చెరువుల దగ్గర అలవాటైన సలహానే ఇచ్చాను. కొంచెం నీళ్లు మార్చమన్నాను. రెండో రొయ్య అయిదు రోజులు బతికింది. ఇంకా ఎక్కువ మార్చమన్నాను. మూడోది రెండో రోజుకే వెల్లకిలా పడింది. నీళ్లు బాగున్నాయి, తిండి బాగుంది, మనిషి కళ్లలో పెట్టుకుని చూస్తోంది. మరి ఎందుకు చస్తున్నాయి? నాకు పిచ్చెక్కినట్టయింది. మా బావమరిదికి చెరువులున్నాయి. "నా దగ్గర లక్షల్లో పెరుగుతున్నాయి. నువ్వు ఒక్కదాన్ని బతికించలేవా బావా?" అన్నాడు. నవ్వు రాలేదు.

ఈలోగా ఆవిడే ఫోను చేశారు. "చేపల్ని కూడా పట్టుకుపోండి. అచ్చుకి పనికిరాని చెయ్యి ప్రాణులకి మాత్రం ఏం పనికొస్తుందండీ. నేను ముట్టుకుంటే చాలు, పోతున్నాయి."

మర్నాడే పెడన వెళ్లాను. ట్యాంకు అద్దంలా ఉంది. ఎటు చూసినా తప్పు కనబడదు. చివరికి, "నీళ్లు ఎలా కలుపుతారో ఒక్కసారి చూపించండమ్మా" అన్నాను.

పెరట్లోకి తీసుకెళ్లారు. అక్కడ బంగారంలా మెరుస్తూ పెద్ద రాగి గంగాళం.

"బకెట్లన్నీ సబ్బు బట్టలు నానేసినవే కదండీ. ఇది మా మావగారు రంగుబట్టలు ఉడకబెట్టిన గంగాళం. సబ్బు మొహమే ఎరగదు. మొదట ట్యాంకు నింపినప్పుడూ, తరవాత మీరు నీళ్లు మార్చమన్నప్పుడల్లా చింతపండేసి తోమి, ఉప్పు కలిపి, ఓ రాత్రంతా ఉంచుతాను."

అప్పుడు అర్థమైంది. తోమినకొద్దీ కొత్త రాగి పైకి తేలుతుంది, ఉప్పునీరు దాన్ని తెల్లార్లూ తింటుంది. నేను నీళ్లు మార్చమన్న ప్రతిసారీ ఆ ట్యాంకులోకి విషం పోయించాను. మూడుసార్లు మందు గురించి అడిగాను గానీ, ఏ పాత్రలో కలుపుతున్నారని ఒక్కసారీ అడగలేదు.

సంగతి చెప్పాను. "అయితే నేనే చంపానా?"

"మీరు కాదమ్మా. మార్చండి, మార్చండి అని నేనే చంపించాను. మీ చేతిలో ఏ దోషమూ లేదు."

నమ్మారో లేదో తెలియలేదు. రాగి పీల్చిన ఇసుక, రాళ్లు పారబోసి, నా ఖర్చుతోనే ట్యాంకు మళ్లీ మొదటినుంచి పెట్టాను. సబ్బు తగలని కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము ఇచ్చాను. కొత్త ట్యాంకు కుదురుకునేదాకా చేపలను నెలన్నర నా దగ్గర ఉంచుకుని, తరవాత నాలుగో రొయ్యతో కలిపి తీసుకెళ్లాను.

అంతవరకు ట్యాంకులో ప్రాణి చచ్చిందంటే ఎక్కడో అశ్రద్ధ జరిగిందనే వెతికేవాణ్ని. ఇప్పుడు షాపుకు ఎవరొచ్చినా, జాగ్రత్త కోసం మీరు సొంతంగా ఏం చేస్తున్నారని ముందు అడుగుతాను. వింటుంటే ఒక్కోసారి బుర్ర తిరుగుతుంది.

నాలుగో రొయ్యను వదిలిన మూడు వారాలకు పెడన వెళ్లాను. రాయి కాస్త పక్కకు జరపమంటే ఆవిడ భయపడుతూనే చెయ్యి ముంచారు. రొయ్య మీసాలు ఊపుకుంటూ వచ్చి ఆ చేతిమీదకెక్కింది. గోళ్ల సందుల్లో చిన్నచిన్న కాళ్లతో ఏరడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తోందండీ?"

"మీ చెయ్యి శుభ్రం చేస్తోందమ్మా."

ఆవిడ ఇంక నావైపు చూడలేదు, చెయ్యీ కదపలేదు.