థర్మన్ పికెట్ మేకలు

థర్మన్ పికెట్ మార్చి నెలలో నిజం చెప్పడు.

తక్కిన కాలమంతా ఆయన మాట శిలాశాసనమే. బాప్టిస్టు సంఘానికి పెద్ద. తన పాత ట్రాక్టరు కొనడానికి వచ్చినవాడికి దాని జబ్బులన్నీ పూసగుచ్చినట్టు వివరించి, బేరం వదులుకుని పారిపోయేలా చేసిన ధర్మరాజు. అటువంటి మనిషి, కాల్డర్ చెరువు నీళ్లు కాస్త వెచ్చబడి, క్రాపీ చేపలు లోతుల్లోంచి ఒడ్డువైపు జరగడం మొదలుపెట్టాయంటే చాలు, పూర్తిగా మారిపోతాడు. డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసి రాలేదాకా ఆయన నోట ఒక్క నిజం దొర్లదు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కొన్నేళ్ల కిందట ఒక మార్చిలో జలుబు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ తర్వాత ఏటా తప్పకుండా వస్తూనే ఉంది.

ఈ రోగం వల్ల అందరికన్నా ఎక్కువ బాధపడ్డవాడు ఎల్డన్ స్ప్రాగ్. చెరువు గట్టున ఎరల కొట్టు అతనిదే. థర్మన్‌తో కలిసి చదువుకున్నవాడు. పైగా అబద్ధమాడటం చేతకాని మనిషి. ఎప్పుడైనా పొరపాటున చిన్న అబద్ధం ఆడబోయినా చెవులు ఎర్రగా కందిపోయి, మాట నోరు దాటకముందే గుట్టు బయటపెట్టేసేవి. అందుకే కొట్టుకు వచ్చిన ప్రతివాడూ అతన్నే అడిగేవాడు, "క్రాపీ ఎక్కడ పడుతోంది ఎల్డన్?" అని. ఎల్డన్ థర్మన్‌ని అడిగేవాడు. కథ అక్కడ కంచికి పోయేది.

"ఏరా థర్మన్, ఇవాళ గాలం ఎక్కడ వేశావు?"

"టర్కీ వాగు మూల."

"పడ్డాయా?"

"ఒక్కటీ లేదు. చెరువులో చేపలే లేవురా. కొట్టు మూసేసి కోళ్ల ఫారం పెట్టుకో."

అంటూనే వెనక చేత్తో చేపల తొట్టి మూత బిగబట్టుకునేవాడు. మూత కింద దబదబమని చప్పుడు వస్తూ ఉండేది.

"ఆ చప్పుడేంట్రా?"

"నా మోకాళ్లు."

మొదట్లో జనం ఆయన తూర్పంటే పడమరకు పడవ తిప్పేవారు. ఆ సంగతి థర్మన్ వారంలోనే పసిగట్టాడు. అప్పటినుంచి తూర్పున ఉన్నప్పుడు తూర్పనే చెప్పడం మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా పడమరకు పోయి చలిగాలి తిని వచ్చింది. బండి చక్రాలకు అంటిన మట్టి రంగు చూసి జాడ కనిపెడదామని ఒకరు ఎత్తు వేస్తే, ఎర్రమట్టి ఎక్కడో తవ్వి తెచ్చి, చక్రాలకు చేత్తో మెత్తాడు. ఆ రంగు మట్టి ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఇంత శ్రద్ధ పెట్టి ఇంకే పని చేసినా ఈపాటికి గవర్నరు అయ్యేవాడని ఆయన భార్య నడీన్ అంటుంది, గొప్పగానే అంటుంది.

చేపల దగ్గర ఆగినా బాగుండేది. అలవాటు తప్పిపోతుందన్న భయమో ఏమో, ఆ రోజుల్లో దేన్ని గురించి అడిగినా అబద్ధమే. ఒక ఆదివారం పాస్టరుగారు గుమ్మం దగ్గర, "ఎలా ఉన్నారు బ్రదర్ థర్మన్?" అని మర్యాదకు అడిగారు.

"ఏం చెప్పమంటారు పాస్టరుగారూ, గుండె."

పాస్టరుగారు పాపం ఆరాధనలో ఆయన పేరెత్తి ప్రార్థన చేశారు. సాయంత్రానికి సంఘం ఆడవాళ్లు కోడికూరలూ, తీపి రొట్టెలూ పట్టుకుని వరసగా ఇంటికొచ్చారు. లోపల థర్మన్ రెండో కంచం వేడి వేడిగా లాగిస్తున్నాడు. నడీన్ గుమ్మంలోనే తల పట్టుకుంది.

"మార్చిలో ఆయన్ని ఏమీ అడగొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా! ఇంతకీ ఆ రొట్టె పీచ్ పండ్లదేనా?"

ఇక మేకల సంగతి. క్రిస్మస్ అయిపోయాక జనవరిలో ఊళ్లోవాళ్లు వాకిట్లో పారేసిన క్రిస్మస్ చెట్లన్నీ థర్మన్ తన పికప్ బండిలో వేసుకుపోయేవాడు. ఆ చెట్లకు సిమెంటు దిమ్మలు కట్టి నీళ్లలో ముంచితే, వసంతంలో ఆ కొమ్మల గుబురులోకి క్రాపీలు వచ్చి చేరతాయని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఎక్కడ ముంచుతాడన్నదే తెలియదు. "ఇన్ని చెట్లెందుకు థర్మన్?" అంటే, "మేకలకి" అనేవాడు. ఆయనకు మేకలు లేవు. ఎప్పుడూ లేవు. అయినా వాటికి పేర్లున్నాయి, అలకలున్నాయి, దగ్గులున్నాయి.

ఎల్డన్‌కు ఒక అనుమానం మాత్రం ఉండేది. థర్మన్ పట్టేది ఈకలు కట్టిన గాలంతో. చిన్నప్పటినుంచీ ఎర చేప ముట్టినవాడు కాదు. మరి మార్చి వచ్చిందంటే రోజూ పొద్దున్నే బకెట్‌తో వచ్చి చిట్టి చేపలు కొనుక్కుపోతున్నాడు.

"ఇవెవరికిరా?"

"మా పిల్లికి."

"మీకు పిల్లెక్కడిది?"

"మేకలకి తోడుగా ఉంటుందని తెచ్చాం."

ఆ ఏడు ఎల్డన్‌కు నవ్వే ఓపిక లేదు. శనివారం అగ్నిమాపక దళం వాళ్ల చేపల విందు. ఊళ్లో మంటలార్పేది జీతం లేని కుర్రాళ్లే. ఏడాదికొకసారి ఊరంతా వాళ్ల షెడ్డులో కూర్చుని చేపలు తినడం ఆనవాయితీ. కిందటేడు చెరువులో చేప దొరక్క, ఐసు పట్టిన చేపను బజారునుంచి తెచ్చి వేయించారు. పక్క ఊరివాళ్లు ఏడాది పొడవునా ఆ మాట ఎత్తి ఎత్తి చంపారు. అందుకే ఎల్డన్ నలుగురిలో లేచి, "ఈసారి కంచంలో మన చెరువు క్రాపీ తప్ప ఇంకోటి పడితే నా పేరు ఎల్డన్ కాదు" అన్నాడు. అన్న మర్నాడే ఉత్తరపు గాలి తిరిగింది. రెడ్‌బడ్ పూలు కొమ్మ మీదే ముడుచుకుపోయాయి. ఒడ్డుకు వచ్చిన చేపలన్నీ మాయమయ్యాయి. పడవలు వెళ్లినట్టే తిరిగి వచ్చాయి. ఎల్డన్ కొట్టులో ఐసుపెట్టె తెరిస్తే ఐసు మాత్రమే కనిపిస్తోంది.

గురువారం పొద్దున అతను హేజల్ డనవే గారి ఇంటికి వెళ్లాడు. విందుకు ఆమె చేతి క్యాబేజీ పచ్చడి లేకపోతే జనం ఊరుకోరు. ఉత్తరపు ఒడ్డున, గాలి సోకని చిన్న మలుపులో, నీళ్లకు ఎదురుగా ఆమె ఇల్లు. నాలుగో తరగతిలో ఎల్డన్‌కూ థర్మన్‌కూ పాఠం చెప్పిన టీచరు ఆవిడే. కొన్నేళ్ల కిందట కళ్లు పోయాయి. ఒంటరిగానే ఉంటుంది.

ఆమె ఇంటి షెడ్డు పక్కకు రాగానే నీళ్ల దగ్గర మాటలు వినిపించి ఎల్డన్ ఆగిపోయాడు. చెక్కల రేవు మీద, కంచెకు తాడుతో కట్టిన కుర్చీలో, పొడవాటి వెదురు గాలం పట్టుకుని హేజల్ టీచరు. పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆమె గాలానికి చిట్టి చేప గుచ్చుతూ థర్మన్. అంటే పిల్లి ఈవిడన్నమాట.

గాలం నీళ్లలో పడీ పడకముందే కర్ర కొస వంగింది. టీచరు గుంజలేదు. క్రాపీ మూతి కాగితంలాంటిది, గుంజితే చిరిగిపోతుంది. మెల్లగా, పసిబిడ్డను ఉయ్యాల్లోంచి ఎత్తుకున్నట్టు పైకెత్తింది. అరచెయ్యంత వెడల్పు చేప, వెండిలా తళతళలాడుతూ చెక్కల మీద పడింది.

"ఊరంతా ఉత్త చేతులతో తిరుగుతోంది టీచర్! మీకు మాత్రం ఇలా పడతాయేంటండీ? ఈ రేవు కింద ఉన్నది ఒట్టి ఇసుక. మీ చేతి మహిమ, అంతే!"

"అంతేనంటావా థర్మన్?"

"ముమ్మాటికీ."

పిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు ఆయన గొంతు పైకి పోయింది. కాసేపటికి బకెట్ అక్కడే పెట్టి, తుప్పల వెనక దాచిన బండి దగ్గరకు వెళ్లిపోయాడు. ఎల్డన్ ఊపిరి తీసుకోబోయాడు.

"ఎల్డన్, షెడ్డు వెనకనుంచి ఇవతలికి రా. నాలుగో తరగతిలోనూ నీ బూట్లు ఇలాగే కిర్రుమనేవి."

ఎల్డన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. "టీచర్, అది... నేను పచ్చడి కోసం..."

"కూర్చో. ఈ రేవు కింద ఊళ్లోవాళ్ల క్రిస్మస్ చెట్లన్నీ ఉన్నాయని నాకు తెలుసు. రోజూ నా గాలం కొమ్మల్లో చిక్కుకుంటూనే ఉంటుంది. ఒకరోజు గాలానికి చమ్కీ దండ పట్టుకుని పైకొచ్చింది. అదేంటి థర్మన్ అని అడిగితే, ఏమన్నాడో తెలుసా? నీటిమొక్క అట!"

ఆమె బంగారు పళ్లు కనబడేలా నవ్వింది. తర్వాత వేలితో కర్రను తడుముతూ అంది.

"మా మేనకోడలు నన్ను మెంఫిస్ పట్నానికి తీసుకుపోతానని కూర్చుంది. తన రాత్రి భోజనం తానే పట్టుకుని, తానే వేయించుకు తినే మనిషిని ఎక్కడికి తీసుకుపోతావే అన్నాను. సరేనని ఫోను పెట్టేసింది. ఈ రేవులో చేప ఉన్నంతకాలం నేను ఈ ఇంట్లో ఉంటాను. నాకు తెలుసని మాత్రం వాడితో అనకు. అన్ని చెట్లు మోసినవాడికి ఆ మాత్రం సంతోషం ఉండాలి."

అప్పుడు ఎల్డన్‌కు లెక్క కుదిరింది. టీచరు కళ్లు పోయిన తర్వాత వచ్చిన మార్చిలోనే థర్మన్‌కు ఆ జబ్బు పట్టుకుంది. మనసు నిండిపోయింది. కానీ మనిషి మనిషే కదా, కళ్లు నీళ్ల మీద తేలే గాలపు బెండు మీదికి పోయాయి. ఒక్క పూట నాలుగు పడవలు ఇక్కడికి తెస్తే శనివారం విందు గట్టెక్కుతుంది. ఊరు పరువు నిలుస్తుంది. ఆ తర్వాత రేవు కింద ఇసుక మాత్రమే మిగులుతుంది. ఎల్డన్ పచ్చడి సంగతి మాట్లాడుకుని ఇంటికొచ్చి, ఆ రాత్రి భోజనం సరిగా తినలేదు.

శుక్రవారం పొద్దున్నే అతని బావమరిది క్లిఫ్టన్ కొట్టులో దిగాడు. కొత్త పడవవాడు. నీటి అడుగు సినిమాలా చూపించే తెరలు ఆ పడవకు ముందొకటి, వెనకొకటి. వెంట అలాంటివాళ్లే ఇంకొందరు.

"బావా, చిట్టి చేపలు ఇవ్వు. ఇవాళ ఉత్తరపు ఒడ్డు మలుపులన్నీ ఒక్కటీ వదలకుండా జల్లెడ పడతాం. ఆ థర్మన్ బండి అటు పోవడం చూశారంట. నిన్న నీ బండి కూడా అటే చూశాను. నువ్వు అబద్ధం ఆడవు. చెప్పు, చేప అక్కడుందా?"

ఎల్డన్‌కు చెవులు వెచ్చబడటం తెలుస్తోంది. చటుక్కున గోడకున్న ఉన్ని టోపీ తీసి మెడదాకా లాక్కున్నాడు.

"కొట్టులో కూడా టోపీ ఏంటి బావా?"

"చలి. అక్కడేముందిరా, హేజల్ టీచర్ పచ్చడి తప్ప. థర్మన్ ఉండేది పైమూల. నీళ్లలో మునిగిన పాత వంతెన ఉంది చూడు, దాని స్తంభాల దగ్గర. బాగా లోతులో వేయాలి."

ఆ వంతెన చెరువుకు ఆ కొసన ఉంది. అక్కడ చేప పట్టినవాణ్ణి ఎల్డన్ పుట్టాక చూడలేదు. అందుకే ఆ చోటు చెప్పాడు. పడవలన్నీ రయ్యిన ఆ కొసకు పోయాయి. ఎల్డన్ కుర్చీలో కూలబడి, రేపు ఐసు చేప ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. తన పేరు ఎల్డన్ కాకుండా పోయే రోజు వచ్చిందనుకున్నాడు.

సాయంత్రం పడవలు వచ్చాయి. క్లిఫ్టన్ పరుగెత్తుకుంటూ వచ్చి బావను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"బావా, నీ నోట్లో పంచదార పొయ్యా! వంతెన కింద క్రాపీలు గోడ కట్టినట్టున్నాయి! తొట్లు చాల్లేదు!"

చలికి బెదిరిన చేపలన్నీ లోతు వెతుక్కుంటూ ఆ స్తంభాల చుట్టే చేరాయట. మర్నాడు అగ్నిమాపక షెడ్డులో నూనె బాండీలు పొద్దుటినుంచే మరిగాయి. మొక్కజొన్న పిండి అద్దిన క్రాపీలు, పిండి ఉండలు, టీచరు పచ్చడి. పక్క ఊరివాళ్లు వంచిన తల ఎత్తకుండా తిన్నారు.

థర్మన్ కంచంతో వచ్చి ఎల్డన్ పక్కన కూర్చున్నాడు.

"వంతెన అన్నావట."

"అన్నాను."

"టోపీ పెట్టుకుని అన్నావట."

"పెట్టుకున్నాను."

"పరువు తీశావు కదరా! జీవితంలో ఒక్క అబద్ధం ఆడావు, అది కాస్తా నిజమై కూర్చుంది. నేను ఇన్నేళ్లనుంచి ఆడుతున్నాను, ఒక్కదానికైనా మచ్చ పడిందా?" గొంతు కోపంగానే ఉంది గానీ, తన కంచంలో ఉన్నవాటిలో పెద్ద చేప ఏరి ఎల్డన్ కంచంలో వేశాడు.

"చేప ఎలా ఉందిరా?" అన్నాడు ఎల్డన్.

"చప్పగా ఉంది," అని థర్మన్ మూడోసారి వడ్డించుకోవడానికి లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు మా మేక ఈనింది. మగపిల్ల. నీ పేరు పెట్టాను."

ఎల్డన్‌కు ఆ మాటకు కళ్లు చెమర్చాయంటే అతను ఒప్పుకోడు, నూనె పొగ అంటాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

జనవరి వచ్చింది. థర్మన్ బండి ఇంటింటి ముందూ ఆగుతూ ఎల్డన్ వాకిట్లోకి వచ్చేసరికి అక్కడ చెట్టు లేదు. చెట్టు అప్పటికే ఎల్డన్ బండిలో ఉంది. దాని పక్కన మోపు తాడు, సిమెంటు దిమ్మలు ఉన్నాయి. ఎదురింటి క్లిఫ్టన్ గేటు దగ్గర నిలబడి అడిగాడు.

"ఆ చెట్టెక్కడికి బావా?"

ఎల్డన్ ఉన్ని టోపీని చెవుల కిందికి జాగ్రత్తగా లాక్కున్నాడు.

"మేకలకి," అన్నాడు.